అక్షరాలు అరిగిన వరహా

నా నోరు మంచిది కాదు. చిన్నప్పుడు మా అమ్మ ఆ మాట అనేది, కాపురానికి వచ్చాక మా అత్త అనేది, మా ఆయన మనసులో అనుకుని ఊరుకునేవాడు. ఆ నోటితో చాలామందిని నొప్పించాను. వాళ్లలో ఎక్కువమంది అందుకు తగినవాళ్లే కాబట్టి నాకు పెద్దగా బాధ లేదు. ఒక్క మాట మాత్రం అనకుండా ఉండాల్సింది. అది ఏడేళ్ల నా కూతురితో అన్నాను. ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలంటే మా ఇంట్లో ఉండిన ఒక పాత బంగారు నాణెం సంగతి మొదట చెప్పాలి.

మా అత్తగారి ఊరు అర్ధవీడుకు రెండు మైళ్లు. అప్పట్లో మేమంతా కర్నూలు జిల్లా కింద, మద్రాసు సర్కారు కింద ఉండేవాళ్లం. మాకున్నది వాన పడితే పండే చేను, పడకపోతే ఎండే చేను. మా మామగారి తాత ఆ చేనికి గట్టు వేస్తూ పలుగు దించితే చిన్న మట్టి ముంత తగిలిందట. అందులో మూడు వరహాలు. భూమిలో దొరికిన సొత్తు సర్కారుకు అప్పజెప్పకపోతే సంకెళ్లు వేస్తారని భయపడి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆడవాళ్లకు మాత్రం చెప్పాడు, అంటే ఊరందరికీ చెప్పినట్టే. అయినా ఊరు ఆ గుట్టును మూడు తరాలు దాచింది. అందులో ఊరికీ పని ఉంది.

మూడింటిలో రెండు ఒకే అచ్చువి. ఒకవైపు నిలబడ్డ దేవుడి బొమ్మ, రెండోవైపు ఆవాలు చల్లినట్టు సన్నటి చుక్కలు. మూడోది వేరు. కొంచెం పెద్దది, పలచన. ఒకవైపు ముందుకాలు ఎత్తిన సింహం, రెండోవైపు చుట్టూ గుండ్రంగా అక్షరాలు. అవి తెలుగు అక్షరాల్లాగే ఉండి తెలుగు కావట. ఊరికి పురాణం చెప్పడానికి వచ్చిన పంతులు కూడా చదవలేకపోయాడట. ఇదంతా నేను విన్నదే. నేను కాపురానికి వచ్చేసరికి సింహం బాగానే ఉంది, అక్షరాలు సగం పోయి ఉన్నాయి.

అవి ఎట్లా పోయాయంటే, మేమే తినిపించాం. మా వైపు బిడ్డ పుడితే పదకొండో రోజు పురిటి స్నానం అయ్యాక బంగారం అరగదీసి నాకిస్తారు. సానరాయి మీద నాలుగు చుక్కల చనుబాలు, చెంచులు అడవినుంచి తెచ్చిన తేనె ఒక చుక్క వేసి, వస కొమ్ముతో పాటు బంగారాన్ని కూడా నాలుగు తిప్పులు తిప్పి, ఆ తడిని వేలితో తీసి బిడ్డ నాలుకకు రాస్తారు. వేరే ఊళ్లలో ఎవరింట్లో ఉన్న ఉంగరంతోనో కమ్మతోనో వాళ్లు కానిచ్చుకుంటారు. మా ఊళ్లో మాత్రం అందరికీ మా ఇంటి సింహం వరహానే కావాలి. అది కూడా అక్షరాలున్న వైపే రాయికి ఆనించాలి. అక్షరం కడుపులోకి పోతే బిడ్డకు చదువు వస్తుందని మావాళ్ల నమ్మకం. ఊరు మొత్తం మీద వేలిముద్ర వేయకుండా సంతకం పెట్టగలిగిన మగవాళ్లు ముగ్గురో నలుగురో. ఎంత అక్షరం తిన్నామో, ఎంత చదువు వచ్చిందో మీరే చూసుకోండి.

ఆ వరహా మా అత్త అధీనంలో ఉండేది. పసుపు గుడ్డలో ముడివేసి ఉప్పుజాడీ వెనక గూట్లో పెట్టేది. ఏ ఇంట్లో పురుడైనా పదకొండో రోజు పొద్దున్నే తలస్నానం చేసి, ఆ ముడి కొంగున కట్టుకుని, తానే పెళ్లిపెద్ద అన్నంత హోదాగా బయల్దేరేది. తిప్పులు నాలుగే. ఇంకొకటి తిప్పమని ఎవరైనా బతిమాలితే, "మీ బిడ్డ ఒక్కతే పుట్టిందా ఏంది ఊళ్లో? రేపు పుట్టేటోళ్లకు వద్దా?" అని కసిరేది. ఆమె పద్ధతి ఆమెకు ఉంది. నాకే లేకపోయింది.

నా కూతురు ఏడో నెలలోనే పుట్టింది. అరచేతిలో పట్టేంత ఉంది, ఏడ్చే ఓపిక కూడా లేదు. మంత్రసాని దాన్ని పడుకోబెట్టి నా మొహం చూడకుండా చేతులు కడుక్కుంది. అంతకుముందే నాకు ఇద్దరు పుట్టి పోయారు. పదకొండో రోజుదాకా ఆగే ధైర్యం నాకు లేదు. రెండో రోజే అత్తను వరహా అడిగాను. పురిటి మైల ఉండగా దాన్ని తీయకూడదంది.

"నీకు మనవరాలు కావాలా, మైల కావాలా?" అన్నాను.

మా అత్త ఆ ముడి తెచ్చి నా మంచం మీద పడేసింది. ఆ రోజు మొదలు నలభై రోజులు, రోజూ పొద్దున నేనే అరగదీశాను. నాలుగు తిప్పులు కాదు. రాయి మీద పచ్చటి గీత తేలేదాకా, మణికట్టు నొప్పి పుట్టేదాకా తిప్పాను. బిడ్డ బతికింది. బంగారమే బతికించిందని నేను నమ్మాను, ఊరూ నమ్మింది. ఇప్పుడు అడిగితే, దూదిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని చుక్కచుక్కగా పాలు పోసిన మా అత్త బతికించిందని చెబుతాను. అప్పుడు మాత్రం దాన్ని ముద్దు చేసినప్పుడల్లా, "నీకు నలభై దినాలు బంగారం తాగించినా గదే, బంగారు బిడ్డవే నువ్వు" అనేదాన్ని. అది ఆ మాట పట్టుకుని వీధిబడిలో తోటిపిల్లల దగ్గర గొప్పలు పోయేది. మీకు నాలుగు తిప్పులే, నాకు నలభై దినాలు అని. నిజం చెప్పాలంటే దానికి చదువు కూడా బాగానే వచ్చింది. పలక మీద దాని రాత చూసి పంతులే మెచ్చుకునేవాడు.

దానికి ఏడో ఏడు నడుస్తుండగా కుడి మోకాలు వాచింది. ఆటలో పడిందనుకున్నాం. కట్లు కట్టేవాడు వచ్చి కట్టు కట్టాడు. ఆముదపాకు వేశాం, వావిలాకు వేశాం, ఎవరో చెబితే వాత కూడా పెట్టించాం. వాత పెట్టేటప్పుడు దాన్ని కదలకుండా పట్టుకున్నది నేనే. వాపు తగ్గలేదు. తొడ, పిక్క సన్నబడిపోయి మోకాలు ఒక్కటే లావుగా మిగిలింది. రెండు నెలల తర్వాత చీము కారడం మొదలైంది. కంభానికి సర్కారు డాక్టరు వచ్చి చూస్తున్నాడంటే బండి కట్టుకుని తీసుకుపోయాం. ఆయన వేలితో నొక్కి చూసి, పిల్లను బండిలో పడుకోబెట్టి రమ్మని, మా ఇద్దరినీ పక్కకు పిలిచాడు.

"ఎముకకు క్షయ పట్టింది. మద్రాసులో పెద్దాసుపత్రికి తీసుకుపోయి ఆరేడు నెలలు పెట్టినారంటే కాలు నిలుస్తుంది. అంత ఖర్చు భరించలేమంటారా, గుంటూరుకు పోండి. అక్కడ మోకాలి పైకి తీసేస్తారు, ప్రాణమైనా దక్కుతుంది. ఏదైనా నెల దాటనీయొద్దు" అన్నాడు.

మద్రాసులో అన్ని నెలలు ఉండాలంటే ఎంతవుతుందని మా ఆయన అడిగాడు. రెండు వందల రూపాయలకు తక్కువ కాదన్నాడు. ఆ రెండేళ్లుగా మాకు వానల్లేవు. ఎద్దులున్నాయి గానీ, మేత లేక ఊళ్లోవాళ్లే ఎద్దులను అడవిలోకి తోలేస్తుంటే కొనేదెవరు? చేను ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. నా మెడలో పసుపుతాడు తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఉన్న బంగారమంతా ఆ మూడు వరహాలే. తిరిగి వస్తుంటే బండిలో పిల్ల, "డాక్టరు ఏం చెప్పినాడు నాయనా?" అని అడిగింది. మద్రాసుకు పోతే కాలు నిలుస్తుందని చెప్పాడన్నాడు మా ఆయన. గుంటూరు సంగతి చెప్పలేదు.

విషయం వినగానే మా అత్త దేవుడి వరహాలు రెండూ తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. మూడోది ఇవ్వలేదు.

"అది మన ఒక్కరిది గాదు మే. ఊళ్లో బిడ్డలందరి నోటికాడిది. అదిగూడ అమ్ముకుంటే రేపు నలుగురికి ఏం మొహం చూపిస్తావు?" అని నన్నడిగింది.

"నా బిడ్డ కుంటిదైతే ఆ నలుగురు వచ్చి మోస్తారా?"

పిల్ల అక్కడే గడప మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. మా అత్త దాని మోకాలి వైపు చూసి, లేచి పోయి గూట్లో చెయ్యి పెట్టింది. ఆ తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆమె ఏడవడం మాత్రం దొడ్లో వినిపించింది.

మా ఆయన ముందుగా కంభంలో తెలిసిన ఆచారి దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను, మగవాళ్ల బేరం మీద నాకు నమ్మకం లేదు. ఆచారి మూడూ తూచాడు. దేవుడి వరహాలకు ఒక్కోదానికి తొమ్మిది రూపాయల చిల్లర వస్తుందన్నాడు. సింహం వరహా అరిగి తూకం తగ్గింది, ఎనిమిది కూడా రాదన్నాడు. మూడూ కలిపినా రెండు వందల్లో ఏ మూలకు వస్తుంది? ఆచారి సింహం వరహాను మాత్రం కింద పెట్టకుండా వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"అన్నా, దీన్ని నా చేత కరిగించొద్దు. చిన్నప్పటి నుంచి పాత బంగారం కరిగిస్తున్నా, ఇట్లాంటిది నా చేతికి రాలేదు. మార్కాపురంలో పింఛను తీసుకునే ముసలాయన ఒకాయన ఉన్నాడు. పాత నాణేలంటే పిచ్చి. ఆయన తూకం చూడడు. యాడా దొరకనిదైతే బంగారానికి పాతిక రెట్లయినా ఇస్తాడు. ఆడికి పోండి" అన్నాడు.

పాతిక రెట్లన్న మాట తర్వాత ఆచారి ఏం చెప్పాడో నాకు వినిపించలేదు. పిల్లను కూడా వెంట తీసుకుపోదామని నేనే అన్నాను. గుంటూరుకైనా మద్రాసుకైనా మార్కాపురం రోడ్డు స్టేషను నుంచి ఎక్కాల్సిన రైలు ఒకటే. డబ్బు చేతికి వస్తే అటునుంచి అటే పోవచ్చు. నా లెక్కలో గుంటూరు లేదు. నాలుగు చీరలు, చింతపండు, కారం, పాత దుప్పట్లు రెండు, ఆరు నెలలకు సరిపడా మూట కట్టాను. బయల్దేరే పొద్దున ఎవరికీ చెప్పకుండా ఇంకో పని చేశాను. అమ్మబోయే వస్తువు తళతళలాడాలి కదా అని మూడు వరహాలనూ చింతపండు, ఇటుకపొడి వేసి బాగా తోమాను.

మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలు దిగి జట్కాలో ఊళ్లోకి పోయాం. దారి పక్కన పలకరాళ్లు దొంతులు దొంతులుగా పేర్చి ఉంటే పిల్ల నొప్పి మరిచిపోయి చూసింది. ఇన్ని పలకల మీద ఎవరు రాస్తారని వాళ్ల నాయనను అడిగింది.

ఆ పింఛను ఆయన ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. పెద్దమనిషి. మమ్మల్ని చూసి విసుక్కోలేదు. అరుగు మీద చాప వేయించి పిల్లను పడుకోబెట్టమన్నాడు, లోపలినుంచి గ్లాసెడు పాలు తెప్పించి ఇచ్చాడు. తర్వాత లోపలికి పోయి ఒక చెక్కపెట్టె తెచ్చుకున్నాడు. అందులో అరలు, అరల్లో మెత్తటి గుడ్డ, గుడ్డ మీద నాణేలు. వాటిని అంచులు పట్టుకుని తీసేవాడు తప్ప మొహం మీద వేలు పడనిచ్చేవాడు కాదు. మా ఆయన ఒకదాన్ని బొటనవేలితో తడమబోతే, "ఊహూ, ముట్టుకోవద్దు నాయనా" అని చెయ్యి అడ్డం పెట్టాడు.

ముందు మా దేవుడి వరహాలు చూశాడు. తన పెట్టెలోంచి అట్లాంటివే ఐదారు తీసి పక్కన పెట్టాడు.

"కుంపిణీ వాళ్ల కాలంలో ఇవి గంపలకొద్దీ కొట్టినారు. మీ వాటి మీద బొమ్మ నా వాటికంటే బాగుంది. అయినా బంగారం ధరకు పైన అర్ధరూపాయి కంటే ఎక్కువియ్యలేను. ఎందుకంటే నాకు కావాలంటే రేపు ఇంకొకటి దొరుకుతుంది" అన్నాడు.

తర్వాత మాకు అర్థం కావాలని కాబోలు, ఇంకో రెండు తీసి చూపించాడు. రెండూ ఒకే రాజువి, ఒకే అచ్చువి. ఒకదానికి మెడలో వేసుకోవడానికి ఎవరో కొక్కెం అతికించారు, బొమ్మ చెంపలు అరిగాయి. రెండోది నిన్న కొట్టినట్టుంది.

"దీనికి పది రూపాయలు ఇచ్చినా. దానికి డెబ్బై ఇచ్చినా, ఇచ్చి కూడా సంతోషపడినా. దాన్ని ఎవరో ముంతలో వేసి పూడ్చిపెట్టి మరిచిపోయినారు. మనిషి చెయ్యి తగల్లేదు. అదీ దాని అదృష్టం" అన్నాడు.

మాది కూడా ముంతలో దొరికిందే అని నాకు నోటిదాకా వచ్చింది. సర్కారు భయంతో మింగేశాను. మా ఆయన పసుపు గుడ్డ విప్పి సింహం వరహా ఆయన చేతిలో పెట్టాడు, సింహం పైకి వచ్చేటట్టు.

ఆయన దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. భూతద్దం తీసి మళ్లీ చూశాడు.

"ఇది మీకు యాడిది?"

"మా తాతల నాటిది సామీ" అన్నాడు మా ఆయన.

"ఈ సింహాన్ని నేను పుస్తకంలో చూసినా. మద్రాసులో ఒకటి ఉందంటారు, సముద్రం అవతల సీమలో దొరల దగ్గర ఒకటి ఉందంటారు. మూడోది ఉందని ఎవరికీ తెలియదు. మీరు దీన్ని ఇంట్లో పెట్టుకుని..." అని ఆగిపోయాడు.

ఆ నిమిషం నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. నేను చాప మీద ఒరిగి పిల్ల చెవిలో, "మద్రాసుకు పోతున్నాం" అని చెప్పాను. అది నవ్వింది. మద్రాసులో సముద్రం ఉంటుందట గదా అంది. అంత సంతోషం నాకు అది బతికి బట్టకట్టినప్పుడు కూడా లేదు.

ఆయన వరహాను తిప్పాడు. తిప్పి, అరుగు అంచుకు పోయి ఎండలో పెట్టి చూశాడు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

"ఈ పక్క ఏమైంది?"

మా ఆయన నా వైపు చూశాడు. నేనే చెప్పాను. పదకొండో రోజు సంగతి, సానరాయి సంగతి, అక్షరాలున్న వైపే ఎందుకు అరగదీస్తామో, మూడు తరాల బిడ్డల సంగతి, అన్నీ చెప్పాను. ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన్ని నాలుగు తిట్టి తేలికపడేదాన్ని.

"సింహం బొమ్మ చాలామంది రాజులు వేయించుకున్నారమ్మా. ఇది ఎవరిదో చెప్పేది ఈ పక్కనుండిన పేరు. ఆ పేరు ఉండుంటే ఈ పెట్టెలో ఉన్నవన్నీ అమ్మైనా సరే నీకు మూడు వందలు ఇచ్చేవాణ్ణి. పేరు పోయినాక ఇది ఫలానా వారిదని నేను చెప్పినా ఎవరూ నమ్మరు. ఇదిగో, అంచున ఒక కొమ్ము, ఒక సున్నా మిగిలినాయి. వీటితో ఏం చదవాల?" అన్నాడు.

భూతద్దం నాకిచ్చి చూడమన్నాడు. నాకు అక్షరం రాదు, కొమ్మేదో సున్నా ఏదో తెలియలేదు. గీతలు మాత్రం కనిపించాయి.

"పాత అరుగుడు నున్నగా ఉంటుంది. అది మీ పెద్దలది, కొంచెం కొంచెంగా పోయింది. ఈ గీతలు చూడు, అన్నీ ఒక దిక్కుకే, లోతుగా ఉన్నాయి. ఎవరో పట్టుబట్టి రుద్దినారు. మొన్నమొన్నటిది, పదేండ్లు కూడా అయిండదు. దానికి ముందు కష్టపడితే చదివేటట్టే ఉండుంటుంది. ఈ పొద్దున తోమినట్టున్నారు, అది కూడా చెరుపే" అన్నాడు.

నేను భూతద్దం తిరిగి ఇచ్చేశాను. సింహానికి నలభై రూపాయలు ఇస్తానన్నాడు. మా ఆయన ఆయన కాళ్లు పట్టుకోబోయాడు. ఆయన వెనక్కి జరిగి, తాను పింఛను మీద బతికే మనిషినని, ఇది కూడా తన స్తోమతుకు మించి ఇస్తున్నానని చెప్పి, పిల్లను చూసి ఇంకో ఐదు కలిపాడు. ఆయన తప్పేమీ లేదు. ఆచారి చెప్పిన ధరకు ఐదారు రెట్లు ఇచ్చాడు. అయినా ఆయన మీద నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఆ పెట్టె మీద, ఆ మెత్తటి గుడ్డల మీద, మనిషి చెయ్యి తగలకపోవడం అదృష్టమన్న ఆ మాట మీద కోపం వచ్చింది. మూడు వరహాలూ కలిసి అరవై నాలుగు రూపాయలయ్యాయి. అది గుంటూరుకే చాలుతుంది.

మళ్లీ జట్కా ఎక్కాం. మా ఆయన ముందు కూర్చుని గుర్రం తోక వైపు చూస్తున్నాడు. పిల్ల నా ఒళ్లో ఉంది. అది చాలాసేపు ఏదో ఆలోచించింది. తెలివైన పిల్ల, అరుగు మీద పడుకుని అన్నీ విన్నది.

"అమ్మా, ఆ తాత చెప్పిన పేరు, నువ్వు నాకు నలభై దినాలు తాగించినావే, అందులోనే పోయిందా?" అంది.

నేను దాని కాలు కుదుపుకు తగలకుండా సర్దాను.

"నేను అన్ని దినాలు తాగకుంటే మద్రాసుకు పోయేటోళ్లమా?"

అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది. లేదా, లేదమ్మా, మీ అవ్వ కాలంలోనే పోయింది అని చెప్పి ఉండొచ్చు. అందులో సగం నిజం కూడా ఉంది.

"అవును. నువ్వే తిన్నావు. మూడు వందల రూపాయలు మింగి కూసున్నావు. ఇంక నన్నేమీ అడగొద్దు" అన్నాను.

మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. జట్కావాడు కూడా చూశాడు. పిల్ల ఏడవలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఊరుకుంది. దానికి నాలుక చాపడం తప్ప ఏం తెలుసు అప్పుడు? రాయి మీద చెయ్యి తిప్పింది నేను. అన్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. నామీద నాకు పుట్టిన కోపం నేను మోయలేక ఆ పసిదాని నెత్తిన వేశాను.

గుంటూరులో ఆసుపత్రి వాళ్లు నాలుగు రోజులు చూసి, ఐదో రోజు ఆపరేషన్ అన్నారు. కాలు తీసేస్తారని పిల్లకు చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. మోకాలి దగ్గర కోసి చీము తీస్తారని చెప్పాం. ఆ నాలుగు రోజులు అది సరిగా తినలేదు. గంజి పోస్తే రెండు గుక్కలు తాగి వద్దనేది. పరాయి ఊరు, పరాయి తిండి, అందుకేనేమో అనుకున్నాను. నర్సమ్మ ఒకామె దానితో బాగా మాట్లాడేది. చిన్నప్పుడు తాగిన బంగారం ఒంట్లో ఏమవుతుందని ఒకరోజు ఆమెను అడుగుతుంటే విన్నాను. నర్సమ్మ ఏదో పిల్ల మాటలకు జవాబు చెప్పినట్టు, ఎముకల్లో చేరి గట్టిపడుతుందిలే అంది. నాకు అక్కడినుంచి లేచి పోవాలనిపించింది గానీ, పోలేదు. కల్పించుకుని ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఐదో రోజు పొద్దున తోపుడు మంచం తెచ్చారు. దాని మీదికి ఎత్తుతుంటే పిల్ల నా కొంగు పట్టుకుని దగ్గరికి లాగింది.

"అమ్మా, కోసినప్పుడు లోపల బాగా చూడమని డాక్టరుకు చెప్పు. ఈ కాలు ఇంత లావుగా ఉందే, నేను తిన్న బంగారమంతా ఇందులోనే చేరింటాది. దొరికితే నువ్వు దాచిపెట్టు" అంది.

ఆ అక్షరాలు తిన్నది నువ్వు కాదే, నా పిచ్చి తిన్నది అని నేను చెప్పాల్సింది. పక్కన నర్సులున్నారు, డాక్టరు పిలుస్తున్నాడు. "చెప్తాలే" అన్నాను. అది నిజంగానే సంతోషపడింది. మార్కాపురం నుంచి వచ్చిన తర్వాత దాని మొహంలో నవ్వు అప్పుడే చూశాను. తలుపులు మూసుకున్నాక నేనూ మా ఆయనా వరండాలో నేల మీద కూర్చున్నాం.

మధ్యాహ్నం తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నడుము నుంచి కిందకి దుప్పటి కప్పి ఉంది. దుప్పటి ఒకవైపు పాదం దాకా ఎత్తుగా ఉంది, రెండోవైపు తొడ దగ్గర పడిపోయింది. మత్తు దిగుతుంటే రెండుసార్లు వాంతి చేసుకుంది. సాయంత్రానికి కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టింది. నీళ్లు అడుగుతుందని గ్లాసు అందుకున్నాను.

"దొరికిందా అమ్మా?" అంది.

నేను గ్లాసు దాని నోటి దగ్గర పెట్టాను, అది తల పక్కకు తిప్పింది.

"దొరికింటే ఇంక మద్రాసుకు పోదాం. ఆడికి పోతే కాలు నిలుస్తాదని నాయన చెప్పినాడు గదా" అంది.

అది అప్పటికింకా దుప్పటి తీసి చూసుకోలేదు.